ఏ పచ్చ?

మా ఆఫీసులో మనుషుల కంటే యంత్రాలకు మర్యాద ఎక్కువ. ఏసీ వాటి కోసమే, కిటికీలకు నల్లతెరలు వాటి కోసమే, గుమ్మం దగ్గర చెప్పులు విడవడం కూడా వాటి కోసమే. ఉపగ్రహం పైనుంచి తీసిన బొమ్మలు ఆ యంత్రాల్లోకి దిగుతాయి. ఏ ఊళ్ళో పైరు బాగుందో, ఎక్కడ ఎండుతోందో ఆ బొమ్మల్లోంచి చదివి పటం గీయడం నా ఉద్యోగం. బాగుంటే ఆకుపచ్చ, ఎండితే ఎరుపు. వాన మొహం చాటేసిన ఏడాది ఏ ఊరికి ఏం పంపాలో ఆ రంగుల్ని బట్టే తేలుస్తారు. మంచి పని అది. ఇంత జరిగాక కూడా మంచి పనే అంటాను. నా కోపం ఆ పని మీద కాదు, పైనున్న ఉపగ్రహం మీద అసలే కాదు.

మా డైరెక్టరుగారిని చాటుగా పెద్దతెర అంటాం. ఆయన గదిలో గోడ పొడవునా ఒక తెర ఉంది. ఆయనకు పొలం చూడాలనిపిస్తే రిమోట్ కోసం వెతుక్కుంటారు. ఆయనకూ నాకూ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుందని ఆఫీసంతా అనుకుంటారు. తప్పేం లేదు, ఉన్నమాటే.

ఇంకొకాయన్ని అవునంట అని పిలుస్తాం. పటంలో పడ్డ రంగు నిజమో కాదో ఆయా ఊళ్ళలో ఉన్న పొలం సహాయకులకు ఫోన్ చేసి కనుక్కోవడం ఆయన వంతు. ఫోన్ పెట్టేసి మావైపు తిరిగి "అవునంట" అంటాడు. "కాదంట" అని ఆయన నోటివెంట వినే భాగ్యం ఇంతవరకు ఎవరికీ కలగలేదు.

ఆ ఏడాది మొక్కజొన్న కంకి పట్టే వేళకు వానలు ఆగిపోయాయి. పైరు పోయాక, తీరుబడిగా ఒక వాన వచ్చి వెళ్ళింది. ఆ వాన తర్వాత దిగిన బొమ్మతో పటం తయారైంది. అందులో చాలా ఊళ్ళు ఎర్రగా పడ్డాయి. మా అక్కావాళ్ళ లోయ మాత్రం చూడముచ్చటగా, ఆకుపచ్చగా ఉంది. అబద్ధమెందుకు, ఆ రంగు చూసి నా ప్రాణం కుదుటపడింది. అక్క ఇంట్లో ఈ ఏడాదికి తిండికి లోటుండదులే అనుకుని, సెలవు దొరకగానే చూసొద్దామని బయల్దేరాను.

బస్సు లోయలోకి తిరిగేసరికి నిజంగానే పచ్చదనం కనిపించింది. దిగి దగ్గరికి వెళ్తేగానీ అసలు సంగతి తెలియలేదు. మొక్కజొన్న చొప్ప నిలువునా ఎండి గలగలమంటోంది. కంకి ఒలిచి చూస్తే పళ్ళూడిన బోసినోరులా ఉంది. ఆ ఎండుచొప్ప మధ్య మోకాలెత్తున, కాలు పెట్టే సందు లేకుండా, ఒక పిచ్చిమొక్క దట్టంగా అల్లుకుపోయింది.

బావ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"రా మరదలా, రా. మా పంట చూశావా? ఎరువు వెయ్యలేదు, నీళ్ళు పెట్టలేదు. ఎంత ఏపుగా పెరిగిందో!"

"ఇదేం మొక్క బావా?"

"పేరు తెలీదు. మొన్న వానకి లేచింది. పశువు కూడా మూతి తిప్పుకుంటోంది. పైనున్న మీ ఉపగ్రహానికి ఇది కూడా పంటలాగే కనిపిస్తుందేమో?"

బావ నవ్వాడు కానీ ఆ నవ్వు ముఖమంతా పాకలేదు. "దానికి ఓ కళ్ళజోడు పెట్టించవే," అన్నాడు.

ఇంట్లో అక్క అన్నం పెట్టింది. తిన్నాక నన్ను చెయ్యి పట్టుకుని గింజల గది దగ్గరికి తీసుకెళ్ళి తలుపు తీసింది. గాదె అడుగున చాప కనిపిస్తోంది.

"చూడు. ఇది అయిపోయేలోపు ఇంకో పంట ఇంటికి రావాలి," అంది. "నేలలో ఇప్పుడు కాస్త తడి ఉంది. ఆ మొక్కంతా దున్నేసి, తొందరగా పండే రకం ఏదైనా వేస్తే గట్టెక్కుతాం. మా దగ్గరున్న విత్తనమంతా మొదట్లోనే వేసేశాం. మిగిలిన గుప్పెడూ నిదానంగా పండే రకం, ఇప్పుడు వేసి లాభం లేదు. పక్క ఊళ్ళకి లారీల్లో తొందర రకం విత్తనాలు పంపిస్తున్నారంట కదా. మాకెందుకు రావట్లేదే? మీ ఆఫీసులోనేగా తేల్చేది?"

"మీ లోయ పటంలో ఆకుపచ్చగా పడిందక్కా."

"పడితే?"

"పైరు బాగున్నట్టు లెక్క."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. చిన్నప్పుడు నేను పాలగిన్నె ఒలకబోసినప్పుడు కూడా అలా చూడలేదు. "ఆ తడి ఆ పిచ్చిమొక్కే తాగేస్తోందే," అంది. "మీరు లెక్కలు చూసుకునేలోపు నేల బిగిసిపోతుంది. ఆ తర్వాత లారీడు బంగారం పంపినా మాకొద్దు."

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఒళ్ళు మండుతూనే ఉంది. ఉపగ్రహం అబద్ధమేమీ చెప్పలేదు. కింద ఆకులున్నాయా అని అడిగారు, ఉన్నాయంది. ఆ ఆకు ఎవరికి తిండి అని దాన్ని ఎవరూ అడగలేదు. అది కనుక్కోవాల్సింది మేం. అందుకే కదా మాకు కుర్చీలు వేసి కూర్చోబెట్టింది!

ఆఫీసుకు వెళ్ళగానే, పైరు వేసినప్పటినుంచి దిగిన బొమ్మలన్నీ బయటికి తీసి వరసగా పేర్చాను. నిజం అక్కడే ఉంది, ఎవరూ దాచలేదు. పచ్చదనం మెల్లగా పెరిగింది, వాన ఆగాక తగ్గింది, పూర్తిగా పోయింది. ఆ తర్వాత ఒక్క వానకే ఉన్నట్టుండి ఎగిసింది. అది కూడా పొలాల్లో ఒక్కటే కాదు. గట్లు, డొంకలు, ఏళ్ళ తరబడి ఎవరూ నాగలి పెట్టని బీడు, అన్నీ ఒకేసారి పచ్చబారాయి. గట్ల మీదా బండ్లదారిలోనూ మొక్కజొన్న వేసే రైతు ఎక్కడైనా ఉంటాడా?

ఆ వరస పట్టుకుని డైరెక్టరుగారి గదికి వెళ్ళాను. ఆయన ఓపిగ్గానే చూశారు. చూసి, రిమోట్ బల్ల మీద పెట్టి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు.

"చూడమ్మా, పటమంటే ఫొటో. సినిమా కాదు. ఈ రోజు ఎలా ఉందో అదే వెయ్యాలి. ఈ రోజు పచ్చగా ఉంది."

"అది కలుపు సార్. నేను నా కళ్ళతో చూసొచ్చాను."

"నీ కళ్ళు ఒక్క పొలం చూశాయి. ఇది లోయంతా చూసింది," అంటూ తెరవైపు చెయ్యి చూపించారు. "పైగా కిందనుంచి కూడా సరిచూశాం కదా."

అవునంటను పిలిపించారు. ఆయన గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"లోయ సంగతేంటయ్యా?"

"అవునంట సార్. చేలన్నీ పచ్చబడ్డాయంట. అక్కడి పొలం సహాయకురాలితో నేనే మాట్లాడాను."

ఆ మాటతో నాకు కోపం నషాళానికి అంటింది. ఆయన వెనకాలే వరండాలోకి వెళ్ళాను.

"ఫోన్ చెయ్యకుండానే చేశానని ఎలా చెప్తారండీ? తినేది అన్నమేనా?"

"అయ్యో మేడమ్, నిజంగా చేశాను. ఆవిడ ఆ మాటే అంది. నా పిల్లల మీద ఒట్టు," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పచ్చి అబద్ధాలకోరు, ఏడుపు కూడా నేర్చుకున్నాడు అనుకున్నాను.

ఇక్కడ ఇంకో ముక్క చెప్పాలి. ఆ పటం అప్పటికే పై ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ అందరూ మెచ్చుకున్నారు. కరువులో కూడా పచ్చగా నిలబడ్డ లోయ అని దాన్ని పెద్దగా అచ్చువేయించి గోడకు తగిలించారు. డైరెక్టరుగారు దానిపక్కన నిలబడి ఫొటో దిగారు. ఆ ఫొటోయే ఇప్పుడు మా అక్క గింజల గదికి అడ్డుపడింది.

విత్తనాల మేడమ్ మా ఆఫీసుకు వచ్చేదాకా ఆగాను. గోదాముల్లోంచి విత్తనాల లారీలు ఏ దారిన పోవాలో చెప్పేది ఆవిడే. లారీలు నిండుగా సిద్ధంగా ఉన్నాయని, చివరి విడత పటం చూసి పంపించేస్తానని వచ్చింది. గట్టి మనిషి, మాట తక్కువ. డైరెక్టరుగారి గదిలో, గోడ మీది తెర ముందు అందరం కూర్చున్నాం. డైరెక్టరుగారు ఎర్రగా పడ్డ ఊళ్ళు ఒక్కొక్కటే చూపించి, లోయ దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకున్నారు.

"ఇదిగో, ఇక్కడ మనకు ఏ దిగులూ లేదు."

"ఉంది," అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. బొమ్మల వరస మేడమ్ ముందు పరిచి, సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆవిడ ఒక్కో బొమ్మా తీసి చూస్తోంది.

"మేడమ్, ఈ అమ్మాయి అక్కగారిది ఆ లోయే," అన్నారు డైరెక్టరుగారు నవ్వుతూ. "ఆ మాట కూడా మీకు తెలియాలి కదా."

చెంప మీద కొట్టినట్టైంది. "అవును సార్, మా అక్కే. ఫోన్ చేస్తాను, ఆవిడ నోటితోనే వినండి."

"చెయ్యి, చెయ్యి. విత్తనాలు ఊరికే వస్తాయంటే ఆవిడ మాత్రం ఎరుపు అనకుండా ఉంటుందా?"

ఫోన్ బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా చేశాను. అక్క ఎత్తింది. వెనక గొడ్డలి చప్పుడు వినిపిస్తోంది.

"అక్కా, చేలు ఎలా ఉన్నాయో ఒకసారి చెప్పవే."

"మొన్న చూసే వెళ్ళావుగా? కొత్తగా చెప్పేదేముందే? పచ్చబడ్డాయి. లోయంతా పచ్చబడిపోయింది."

డైరెక్టరుగారు పకపకా నవ్వారు. "విన్నారా మేడమ్! సొంత అక్కే చెప్పింది!" అవునంట గోడకు చేరబడి గట్టిగా ఊపిరి వదిలాడు. "నేను చెప్పలేదా మేడమ్, అదే మాటండీ, అచ్చం అదే మాట," అన్నాడు నాతో. పాపం, నిజంగానే ఫోన్ చేశాడు. నిజంగానే ఆ మాటే విన్నాడు.

అక్క ఎందుకలా అంది? మోకాలెత్తున కలుపు పెట్టుకుని పచ్చబడ్డాయంటుందేమిటి? అప్పుడు మా అమ్మ గొంతు గుర్తొచ్చింది. నాకు చిన్నప్పుడు కామెర్లు వచ్చినప్పుడు, నా కనురెప్ప పైకెత్తి చూసి, ఇంటిల్లిపాదినీ హడలగొడుతూ అరిచిన మాట అదే. పిల్ల కళ్ళు పచ్చబడ్డాయి!

కుర్చీ వెనక్కి పడేంత విసురుగా లేచాను.

"సార్, మీ కళ్ళు పచ్చబడితే ఏం చేస్తారు? ఆరోగ్యం బాగుందని ఫొటో దిగుతారా? డాక్టరు దగ్గరికి పరుగెత్తరూ?"

డైరెక్టరుగారి నవ్వు ఆగిపోయింది. విత్తనాల మేడమ్ చేతిలోని బొమ్మ కింద పెట్టి ఫోన్ దగ్గరికి వంగింది.

"అమ్మా, ఏ పచ్చ?"

"ఎవరండీ మీరు?" అంది అక్క.

"విత్తనాలు పంపించేదాన్ని. ఏ పచ్చో చెప్పమ్మా."

"పసుపు పచ్చండీ, ఇంకే పచ్చ? నీళ్ళు లేక ఆకులు పచ్చబడ్డాయి, ఆనక ఎండాయి. మీకిక్కడ పచ్చగా కనిపించేది పిచ్చిమొక్క. మా పొలం సహాయకురాలు ఈ మాట మీ ఆఫీసుకి ఎప్పుడో చెప్పిందంట కదా?"

చెప్పింది. చెప్పిన మాట చెప్పినట్టే ఇక్కడికి చేరింది. ఆకుపచ్చా పచ్చే, పసుపూ పచ్చే. పచ్చగా ఉన్నాయా అని ఇక్కడినుంచి అడిగారు, పచ్చబడ్డాయని అక్కడినుంచి చెప్పారు, రెండూ ఒకటే అనుకుని ఫోన్ పెట్టేశారు. పంట పోయిందన్న కబురే పంట బాగుందన్న సాక్ష్యమైపోయింది.

దాన్ని పొరపాటంటే నేను ఒప్పుకుంటాను. మాట దగ్గర పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఆ తర్వాత జరిగింది పొరపాటు కాదు. డైరెక్టరుగారు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, నింపాదిగా అన్నారు కదా:

"మాటలో తేడా ఉండొచ్చు. పటంలో తేడా లేదు. ఇప్పుడు రంగు మార్చడం కుదరదు. పైవాళ్ళు చూసేశారు. ఒక్కచోట మారిస్తే మొత్తం పటం మీద నమ్మకం పోతుంది."

"నమ్మకం పోకూడదని అన్నం పోగొడతారా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ పటం ఎవరికోసం సార్? గోడకోసమా? వాన లేని ఏడాది ఒక్క ఊరు కూడా పస్తులుండకూడదనే కదా అంత ఎత్తున ఉపగ్రహం తిరుగుతోంది! అది రోజూ తన పని తాను చేసింది. బొమ్మ తర్వాత బొమ్మ పంపింది. చూడనిది మనం. మీరు!"

"కూర్చో," అన్నారాయన.

"కూర్చోను."

విత్తనాల మేడమ్ లేచింది. "రంగు సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. లారీలు నావి. లోయకి రెండు లారీలు వెళ్తాయి."

"పటంలో ఎరుపు లేకుండా ఎలా పంపుతారు? రేపు ఎవరైనా అడిగితే?"

"అడిగితే నేను చెప్పుకుంటా," అంది ఆవిడ. వెళ్తూ ఫోన్ దగ్గర ఆగింది. "అమ్మా, దున్నడం మొదలుపెట్టుకోండి."

అటునుంచి అక్క బావను గట్టిగా పిలవడం మాకందరికీ వినిపించింది.

లారీలు వెళ్ళాయి. లోయలో చిన్నా పెద్దా పొలంలోకి దిగారు. పిచ్చిమొక్కను నేలలోకి కలిపి దున్నేశారు, తడి ఆరకముందే విత్తనం పడింది. అక్క రోజూ ఫోన్ చేసేది. ఒకరోజు నడుము నొప్పి, ఒకరోజు ట్రాక్టరువాడి మీద తిట్లు, ఒకరోజు మబ్బు పట్టి పోయిందని దిగులు. విత్తనమైతే నేలలో ఉంది. ఇక మొలవాలి.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. పెద్దతెర గురించి తెలిసి కూడా అలా అనుకున్నాను చూడండి!

ఒక ఉదయం నన్ను గదిలోకి పిలిచారు. కొత్త బొమ్మ దిగింది. గోడ నిండా లోయ పరుచుకుని ఉంది, ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎర్రగా. డైరెక్టరుగారి ముఖం వెలిగిపోతోంది. అవునంట ఒక మూల ఇబ్బందిగా నిలబడి ఉన్నాడు.

"చూశావా? నిన్నటిదాకా నిగనిగలాడుతున్న లోయ! విత్తనాలకి ఆశపడి పచ్చటి పైరు దున్నేశారు మీవాళ్ళు. పైకి ఇదే రాస్తున్నాను. ఆ మేడమ్ కూడా జవాబు చెప్పుకుంటుంది. ఇకముందు ఏ సాయానికీ ఆ లోయ పేరు రాకూడదు."

ఆకే లేని దున్నిన నేల ఎర్రగా కాక ఇంకెలా పడుతుంది? కలుపు ఉంటే పంట ఉందన్నాడు. కలుపు తీసి పంట వేస్తే పంట పాడుచేశారంటున్నాడు. తప్పు తనదని తేలినా, దాన్ని కూడా మా అక్క గాదె మీదికే తోస్తున్నాడు. ఆ రిమోట్ లాక్కుని కిటికీలోంచి విసిరేయాలనిపించింది. అప్పుడే చేతిలో ఫోన్ మోగింది. అక్క.

"మొలిచాయే!" అంది. ఊపిరి అందడం లేదు, పొలంలోంచి పరుగెత్తుకొచ్చినట్టుంది. "ఒక్క సాలు కూడా వట్టిపోలేదు. పొద్దున చూసేసరికి నేలంతా పచ్చగా ఉంది!"

అవునంట నావైపు చూశాడు. ఆ ఫోన్ మాటలు ఆయనకూ వినిపించాయి. ఆయనే, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, మూలనుంచి ముందుకొచ్చి "ఏ పచ్చో అడగండి మేడమ్," అన్నాడు.

"ఏ పచ్చ అక్కా?"

అక్క నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. "తినే పచ్చే!" అంది.

డైరెక్టరుగారు తెరవైపు చూశారు, నావైపు చూశారు. "మరి ఇక్కడ ఎర్రగానే ఉందే?" అన్నారు.

"అక్కా, మొలకలు పైనుంచి మా సారుకి కనిపించట్లేదంట."

"గోరంత మొలక అంత ఎత్తునుంచి ఏం కనిపిస్తుందే? కిందికి దిగి చూడమను."

నేను ఫోన్ పక్కన పెట్టి, ఆయన చేతిలోని రిమోట్ తీసుకుని తెర ఆర్పేశాను.

"దిగండి సార్," అన్నాను.